తెల్లబడ్డ చీటీ

మెషిన్ల నుంచి గుంజినప్పుడు వెచ్చగుండె,
పెనం మీదికెళ్ళి తీసిన రొట్టె అంచు లెక్క.
నల్లటి అంకెలు: నూటపద్దెనిమిది.
ముప్పై దాటితే నేరమయ్యే కాడ.

హాలియా దాటినంక, రాత్రి పదకొండున్నర.
డీసీఎం ఒక పక్కకు ఒరిగి ఉన్నది.
నేను పోయేసరికి ఇంకా బత్తాయిలు
ఒకటొకటి దొర్లుతున్నయి కాలువ దిక్కు.
జిన్నింగు మిల్లు వాచ్‌మన్ జానయ్య
డ్యూటీ దిగి ఇంటికి పోతున్నోడు,
సైకిల్ ఒక కాడ, తను ఒక కాడ.
దూది పోగులు మీసాలకు అట్లనే ఉన్నయి.

డ్రైవరు నా భుజం పట్టుకొని ఏడ్చిండు.
అప్పుడొచ్చింది వాసన.
గౌండ్లోళ్ళింట్ల పుట్టినోణ్ణి,
పొద్దుటి కల్లేదో మాపటి కల్లేదో
కుండ మూత తియ్యకముందే చెప్పేటోణ్ణి.
ఆ రాత్రి నాకు మెషిన్ అక్కెరనే లేకుండె.

ఐదేండ్లకు అప్పీలు, నల్లగొండ సెషన్స్ కోర్టుల.
అప్పీల్ల మనుషులు మాట్లాడరు,
కాయితాలే మాట్లాడుతయి.
పిలవకున్నా పోయి ఆఖరు బెంచి మీద కూసున్న.
ఎగ్జిబిట్ పి-ఏడు చూయించుమన్నడు వకీలు.
బెంచి క్లర్కు కట్ట విప్పిండు.
జడ్జి సాబు చీటీని కిటికీ వెలుగుకు పట్టిండు,
తిప్పిండు, మళ్ల తిప్పిండు.
తెల్లగున్నది.
పుట్టినప్పటి సంది తెల్లగనే ఉన్నట్టు.

ఇగ వకీలు నెమ్మదిగ, గొంతు కూడా పెంచకుండ:
మెషిన్ ఎన్నడు సరిచూయించిన్రు?
నెత్తురు తీసింది రెండు గంటల లోపలనా, పొద్దు పొడిచినంకనా?
సూది గుచ్చేముందు చర్మం తుడిచింది స్పిరిట్‌తోనా?
సీసాకు సీలేసిన చెయ్యి ఎవరిది, పంచనామల ఏది?
డాక్టరు రాసింది ఒక్కటే మాట, ‘వాసన వస్తున్నది’.
వాసనకు కొలత ఉన్నదా, మిలార్డ్?

లేదు.

ఆయన మీద కోపం రావాలె గద, రాలేదు.
ఎందుకంటే పాలమూరు బస్టాండు యాదికొచ్చింది,
నౌకరీల చేరిన మొదటేడు.
ఒకడు తూలుకుంట వచ్చి నా మీద పడ్డడు,
నోట్లె పులిసిన పండు వాసన.
చెంప మీద కొట్టిన. లాఠీతోని కూడ.
తాగలేదు వాడు. షుగరు.
తెల్లారి దవఖాన్ల వాని బిడ్డ నన్ను చూసి
లేచి నిలబడ్డది, పోలీసు సారని.
అప్పుడు కూడ ఇదే ముక్కు.
అప్పుడు కూడ ఇంతే నమ్మకం.

అందుకే జడ్జి సాబు చదువుతుంటె
తల వంచుకొని విన్న.
తాగిన సంగతి రుజువు కాలేదు.
నిర్లక్ష్యం మాత్రం నిలిచింది.
రెండేండ్లు ఆరు నెలలాయె,
ఆ ఆరు నెలలు వాడెప్పుడో ఉండొచ్చిండు.

ఒక్క మాట ఏ కాయితంల లేదు, ఇక్కడ చెప్తున్న.
ఆ తెల్లారి చీటీ పట్టుకొని జిరాక్స్ దుకాణం ముందర నిలబడ్డ.
కరెంటు పోయింది, పావుగంటల వస్తది సారూ అన్నడు పిలగాడు.
చాయ్ తాగిన. రాలేదు.
బందోబస్తుకు జీపు హారన్ కొట్టింది.
రేపు చేద్దాం అనుకున్న.
రెండు రూపాయల పని.

కోర్టు బయట, బండ్లు పెట్టే రేకుల కింద
పుల్లమ్మ కొంగు నెత్తిన కప్పుకొని నిలబడ్డది.
తీర్పు అర్థమయిందో లేదో ముఖంల తెలుస్తలేదు.
జానయ్య గురించి అడగలే, డబ్బుల గురించి అడగలే.
‘తాగుండెనా లేదా సారూ,
నువ్వైతే కండ్ల సూసినవ్ గద.’

తాగుండె, అన్న.

‘మరి రాసియ్యరాదు’ అన్నది.

జేబుల పెన్ను ఉండె.